బొమ్మ ముందా, మాట ముందా?

ప్రశ్న: మా ఆరేళ్ల అమ్మాయి కథల పుస్తకం తెరిస్తే బొమ్మలు చూసి కథ చెప్పేస్తుంది. కింద అక్షరాల జోలికే పోదు. బొమ్మలు మూసిపెట్టి చదివించమంటారా?

జవాబు: వద్దు. బొమ్మల్లోంచి కథ పట్టుకోవడం చిన్న పనేం కాదు. మొదటి బొమ్మలో బల్ల అంచున కప్పు, పక్కన పిల్లి తోక. రెండో బొమ్మలో నేల మీద పెంకులు. కప్పు పడటం ఎవరూ గీయలేదు, పడేసింది పిల్లేనని ఎవరూ రాయలేదు. చూసేవాళ్లే పూరించుకోవాలి. వాక్యానికీ వాక్యానికీ మధ్య మనసు చేసేదీ ఇదే. "దాహమేసి గ్లాసెడు గొడుగు తాగాడు" అని చదివితే, పొసగని మాట కంటబడిన సుమారు 400 మిల్లీసెకన్లకు మెదడు విద్యుత్ తరంగాల్లో ఒక గుర్తు కనిపిస్తుంది. కుటాస్, హిల్యార్డ్ అనే పరిశోధకులు 1980లో దీన్ని మాటల విషయంలో చూపించారు. కథకు పొసగని బొమ్మ ఎదురైనా అలాంటి గుర్తే వస్తుందని తర్వాత తేలింది.

చిక్కల్లా కళ్లతోనే. బొమ్మ మీద చూపుంటే అక్షరాల మీద ఉండదు. చెవి ఖాళీయే కదా, మాటల్ని అటు పంపండి. పేజీ తిప్పాక ఐదారు సెకన్లు ఏమీ అనకుండా చూడనివ్వండి. ఆ తర్వాత రెండు మూడు వాక్యాలు మీరే పైకి చదవండి. అదే పుస్తకం రెండోసారి చదివేటప్పుడు మాటల కింద వేలు జరపండి. అప్పటికి బొమ్మ పాతబడి ఉంటుంది, చూపు అక్షరాల వైపు తేలిగ్గా తిరుగుతుంది. "ఈ రెండు బొమ్మల మధ్య ఏం జరిగింది?" అని మొత్తం కథలో ఒకటి రెండుసార్లు అడిగితే చాలు. పేజీకో ప్రశ్న వేస్తే అది కథ కాదు, పరీక్ష.

ప్రశ్న: పిల్లల కోసం కథలు రాస్తుంటాను. బొమ్మ కథకు ముందు రావాలా, చివర్లోనా?

జవాబు: బొమ్మ లేకపోతే కథ అర్థం కాదనుకుంటే, ముందే రావాలి. బ్రాన్స్‌ఫర్డ్, జాన్సన్ అనే మనస్తత్వ పరిశోధకులు 1972లో కొందరికి ఒక చిత్రమైన పేరా వినిపించారు: బెలూన్లు పేలితే శబ్దం అందదు, కిటికీ మూసి ఉన్నా అందదు, తీగ తెగినా అంతే. ప్రతి వాక్యం తేలికే, మొత్తం మాత్రం అయోమయం. దాని బొమ్మలో ఒకతను వీధిలో గిటార్ వాయిస్తుంటాడు, లౌడ్‌స్పీకర్‌ను బెలూన్లు పైఅంతస్తు కిటికీ దాకా లేపి ఉంటాయి. బొమ్మ ముందు చూసినవాళ్లకు పేరాలోని 14 విషయాల్లో సగటున 8 గుర్తున్నాయి. విన్న తర్వాత చూసినవాళ్లకు నాలుగు కూడా లేవు, అసలు చూడనివాళ్లకూ అంతే! అయితే మలుపును బయటపెట్టే బొమ్మను మాత్రం పేజీ తిప్పిన తర్వాతే రానివ్వండి.

ప్రశ్న: కథ చదువుతుంటే నా మనసులో ఏ దృశ్యమూ కనబడదు. లోపమా?

జవాబు: కాదు. ఇలా మనసులో దృశ్యాలు కనబడకపోవడానికి నాడీవైద్యుడు ఆడమ్ జేమన్ బృందం 2015లో అఫాంటేసియా అని పేరు పెట్టింది. ఎవరు, ఎందుకు, తర్వాతేమిటి అన్నవి దృశ్యం లేకుండానే మనసుకెక్కుతాయి. పేజీలకొద్దీ వర్ణనలు విసుగనిపిస్తే నిశ్చింతగా దాటేయండి.