ఎక్స్‌రేలో అరుగుదల కొంచెమే, మరి నొప్పి ఎందుకంత?

“ఎక్స్‌రేలో మోకాలి అరుగుదల కొంచెమే అన్నారు. అమ్మకేమో మెట్లెక్కాలంటే ప్రాణం పోతోంది. ఇదంతా మనసులోదేనా?” అని అడిగారు. కాదండీ, అమ్మగారి నొప్పి నూటికి నూరుపాళ్లూ నిజం.

మోకాలు పంపేది నొప్పిని కాదు, ప్రమాద సంకేతాన్ని. అది వెన్నుపాము మీదుగా మెదడులో సంకేతాలను పంచిపెట్టే కేంద్రమైన థలామస్‌కి చేరుతుంది. నొప్పి ఎక్కడుందో ఒక భాగం గుర్తిస్తే, అదెంత బాధపెట్టాలో ఇన్సులా, సింగ్యులేట్ లాంటి భాగాలు తేలుస్తాయి. భయం, నిద్రలేమి, టెన్షన్ కూడా అక్కడే వచ్చి కలుస్తాయి.

నెలల తరబడి సంకేతాలు వస్తూనే ఉంటే వెన్నుపాములోని నాడీకణాలు అతిగా స్పందించడం మొదలుపెడతాయి, రేడియో సౌండ్ పెంచి వదిలేసినట్టు. నాడీశాస్త్రవేత్త క్లిఫర్డ్ వూల్ఫ్ దీన్ని 1983లోనే ఎలుకల్లో చూపించారు. పైగా మెదడు నుంచి కిందికొచ్చి నొప్పిని అణిచే దారి కూడా బలహీనపడుతుంది. మా అమ్మకి నూనె రాద్దామని మోకాలి చిప్ప పక్కన వేలు ఆనిస్తే చాలు, కాలు లాగేసుకునేది. నటిస్తోందని అప్పట్లో విసుక్కున్నాను, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఈ మార్పులు శాశ్వతమేం కాదు. తుంటి కీలు మార్పిడి చేయించుకుని నొప్పి తగ్గినవాళ్లలో, అంతకుముందు తగ్గిన గ్రే మ్యాటర్ (మెదడులో నాడీకణాలు ఎక్కువగా ఉండే పదార్థం) తిరిగి పెరిగినట్టు మెదడు స్కానింగుల్లో కనబడింది. అందుకే మోకాలికి మందుతోపాటు అమ్మగారికి నిద్ర సరిగా పడుతోందా, రోజూ కాస్తయినా నడుస్తున్నారా అన్నది కూడా డాక్టరుగారితో మాట్లాడండి.