అమ్మమ్మ కథ నవలగా రాశాను, అమ్మ అచ్చు వేయొద్దంటోంది

ప్రశ్న: నాకు 41 ఏళ్ళు. మా అమ్మమ్మ జీవితం ఆధారంగా ఒక నవల రాశాను. ఆవిడ 1918లో పుట్టింది. తొమ్మిదేళ్ళకి పెళ్ళి చేశారు, పదకొండేళ్ళకి భర్త పోయాడు. 1938లో గోదావరి జిల్లాల్లోని ఒక చిన్న ఊళ్ళో, వేరే కులానికి చెందిన స్కూలు మాస్టారితో కలిసి బతకడం మొదలుపెట్టింది. ఆయనే మా తాతయ్య. ఆయనకి అప్పటికే పెళ్ళయింది. 1956లో తాతయ్య పోయాక ఆయన భార్య, అమ్మమ్మ ఒకే ఇంట్లో ఉండి పిల్లలందరినీ పెంచారు. నవలలో అమ్మమ్మ తాళి మీద నమ్మకం లేక పెళ్ళి వద్దనుకున్నట్టు, పెద్దావిడ పెద్ద మనసుతో ఒప్పుకున్నట్టు రాశాను. అమ్మ చదవకుండానే వద్దంది. పెద్దమామయ్యైతే, ‘మా అమ్మని ఊరంతా ఉంపుడుగత్తె అన్నారు, నువ్వు మళ్ళీ అనిపిస్తావా?’ అని ఫోన్ పెట్టేశారు. అన్నయ్య కూతురికి సంబంధాలు చూస్తున్నారు, వదిన టెన్షన్ పడుతోంది. పెద్దవాళ్ళు పోయాక వేసుకోవచ్చు కదా అని ఒక స్నేహితురాలు అంటోంది. ఏం చేయను?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మమ్మ గురించి ఎంతో రాశారు. అమ్మ గురించి ఉన్నది ఒక్క ముక్క, ‘చదవకుండానే వద్దంది’ అని. నాకు మనసంతా అక్కడే ఆగిపోయింది. మీకు ఇది అమ్మమ్మ కాలం నాటి కథ. మీ అమ్మగారికి అది సొంత చిన్నతనం. బళ్ళో తండ్రి పేరు చెప్పాల్సి వచ్చినప్పుడు, పేరంటాలకి పిలుపు రానప్పుడు, తన పెళ్ళి మాటలప్పుడు అవతలివాళ్ళు ఎవరి పిల్లవని ఆరా తీసినప్పుడు ఆవిడ ఏం పడ్డారో మనకి తెలీదు. ఇన్నేళ్ళూ ఆవిడ నోరు మెదపకపోవడం వల్ల ఆ ఇంటికి కొంత రక్షణ దొరికి ఉంటుంది. అలాంటి మనిషి ముందు ఒక్కసారిగా నవల పెడితే ముట్టుకోవడానికే భయపడతారు. అది మీ రచన మీద చిన్నచూపు అనుకోకండి.

మీ మామయ్య అన్న మాట చాలా బరువైనది. ఆ మాట విన్న పిల్లాడు ఎనభై ఏళ్ళ వయసులోనూ దాన్ని మోస్తున్నాడంటే నాకు బాధేసింది. ఆయనకి ఎదురు చెప్పకండి, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. కానీ మీరు మాత్రం ఆ రోజుల చట్టం గురించి ఒక విషయం తెలుసుకోవాలి. మీ ఇంట్లో ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకున్నట్టు లేదు.

వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. అంటే మీ అమ్మమ్మ ఇల్లు దాటేనాటికి 57 ఏళ్ళు గడిచాయి. మరి వీళ్ళిద్దరూ ఎందుకు పెళ్ళి చేసుకోలేదు? కులాలు వేరు కాబట్టి సంప్రదాయ పద్ధతిలో చేసుకున్నా కోర్టులో నిలబడుతుందన్న భరోసా లేదు. రిజిస్టరు పెళ్ళికి 1872 నాటి చట్టం ఉంది, 1923 సవరణ తర్వాత హిందువులు మతం వదులుకున్నామని ప్రకటించకుండానే కులాంతరంగా చేసుకోవచ్చు కూడా. కానీ ఇద్దరిలో ఎవరికీ భార్యగానీ భర్తగానీ బతికి ఉండకూడదు. మీ తాతయ్య భార్య బతికే ఉన్నారు. పోనీ విడాకులా అంటే, వాళ్ళకి అప్పట్లో ఆ దారే లేదు. కులాంతర హిందూ వివాహాలు చెల్లుతాయని చట్టం వచ్చింది 1949లో. సరిగ్గా అదే ఏడాది, భార్య ఉండగా మళ్ళీ పెళ్ళి చేసుకోకూడదని, అప్పట్లో గోదావరి జిల్లాలు కూడా ఉన్న మద్రాసు ప్రావిన్సులో ఇంకో చట్టం వచ్చింది. ఒక తలుపు తెరుచుకున్న ఏడాదే రెండోది మూసుకుపోయింది.

అందుకే అడుగుతున్నాను. తాళి మీద నమ్మకం లేదని మీ అమ్మమ్మ నిజంగా అన్నారా, లేక ఈ కాలపు ఆడపిల్లగా మీకు ఆవిడ అలా అని ఉంటే బాగుండుననిపించిందా? బహుశా ఆవిడకి తాళి కావాలనే ఉందేమో, కట్టించుకునే దారి లేకపోయిందేమో. తిరుగుబాటు చేసిన మనిషి వేరు, కోరుకున్నది దొరక్కపోయినా ప్రేమించినవాడితో నిలబడ్డ మనిషి వేరు. రెండోది రాయడం కష్టం, నాకైతే అదే గొప్పగా అనిపిస్తుంది. మామయ్యకి కూడా మొదటి కథ కంటే అదే ఊరటనిస్తుందని నా నమ్మకం.

పెద్దావిడ విషయంలో నాకు మీతో పేచీ ఉంది. పెద్ద మనసు అనే మాట సాధారణంగా పక్కవాళ్ళు తగిలిస్తారు, ఆవిడ నోటి నుంచి వచ్చి ఉండదు. భర్త వేరే ఆవిడతో ఉంటుంటే, విడిగా ఉండి భరణం అడిగే హక్కును భార్యకి స్పష్టంగా రాసిచ్చిన చట్టం 1946లో వచ్చింది. 1938లో ఆవిడ ఎక్కడికి వెళ్తారు? ఒప్పుకున్నారా, ఊరుకున్నారా? 1956 తర్వాత ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండుకోవడం నిజమే కావచ్చు, ఆ ప్రేమా నిజమే కావచ్చు. కానీ అంతకుముందు 18 ఏళ్ళలో పెద్దావిడ గది తలుపు వెనక ఏం జరిగిందో మీ నవలలో ఉందా? ఆవిడ పిల్లల పిల్లలు ఉంటారు కదా, వాళ్ళని ఒక్కమాటైనా అడిగారా? ఇది వాళ్ళ నాయనమ్మ కథ కూడా.

పెద్దవాళ్ళు పోయాక వేసుకోమన్న స్నేహితురాలి సలహా మాత్రం దయచేసి పాటించకండి. అది అమ్మ చావు కోసం ఎదురుచూడటం అవుతుంది, అమ్మకి ఆ సంగతి తెలియకుండా ఉండదు. పైగా ఆ ఇంట్లో పెరిగి ఇంకా మన మధ్య ఉన్నవాళ్ళు వీళ్ళే.

అన్నయ్య కూతురి సంగతి. ‘ఈ రోజుల్లో ఇవన్నీ ఎవరు పట్టించుకుంటారు’ అని నేను అనను, పట్టించుకునేవాళ్ళు ఉన్నారు. నాలుగైదు నెలలు ఆగడంలో ఓటమి లేదు. కానీ ఆ అమ్మాయిని ఎవరైనా అడిగారా? తన ముత్తవ్వ గురించి దాచాలో, గర్వంగా చెప్పుకోవాలో తనకీ ఒక అభిప్రాయం ఉంటుంది. వదినతో వాదించే ముందు ఆ పిల్లతో కూర్చోండి.

అచ్చు వేయాలా వద్దా అంటే, వేయాలనే నా అభిప్రాయం. అమ్మకి మొత్తం కథని ఆపే హక్కు లేదు. అయితే తన బాల్యం తాలూకు పేజీలు ఆవిడవి. వాటిలో ఏది ఉండాలో ఏది పోవాలో ఆవిడ మాటే చివరి మాట కానివ్వండి. ఊరి పేరు, మనుషుల పేర్లు మార్చండి. నవల అని పేరు పెట్టినంత మాత్రాన సరిపోదు, చనిపోయినవాళ్ళ గురించి వాళ్ళ కుటుంబాన్ని నొప్పించేలా రాసినా పరువునష్టం కిందకి రావచ్చు. కాబట్టి ప్రెస్‌కి పంపే ముందు ఒకసారి లాయరుకి చూపించండి.

ఈ ఆదివారం అమ్మ దగ్గరికి వెళ్ళండి. చేతిలో నవల ఉండకూడదు, ఫోన్‌లో రికార్డింగ్ అసలే వద్దు. నవల ఊసు ఎత్తకండి. చిన్న చిన్న సంగతులు అడగండి, ఎవరు ఏ గదిలో పడుకునేవారు, పండక్కి బట్టలు ఎవరు కుట్టించేవారు అని. ‘ఇప్పుడొద్దే’ అంటే ఆపేసి ఆ రోజు ఊరికే పక్కన కూర్చోండి, ఇంకో వారం మళ్ళీ వెళ్ళండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీకపోతే ఇది అడగండి: ‘అమ్మా, చిన్నప్పుడు నీకు జడ ఎవరు వేసేవారు? అమ్మమ్మా, పెద్దావిడా?’