మా అబ్బాయికి గార్డియన్ తప్పనిసరా?

ప్రశ్న: మాది మల్కాజిగిరి. మా అబ్బాయికి 23 ఏళ్లు, డౌన్ సిండ్రోమ్ ఉంది. మనోవికాస్ నగర్‌లో శిక్షణ తీసుకుని ఒక ప్యాకింగ్ యూనిట్‌లో పనికి కుదిరాడు. జీతం వేయడానికి ఖాతా కావాలన్నారు. బ్యాంకుకు వెళ్తే గార్డియన్‌షిప్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. మా వారు లేరు. మా మామగారి ఇల్లు ఇంకా పంచుకోలేదు. మా మరిది ‘వాడికి నేను గార్డియన్‌గా ఉంటా, అన్నీ ఒకేసారి తేలిపోతాయి’ అంటున్నారు. లా చదువుతున్న మా అమ్మాయేమో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ అమితా ధండా రాసినవి చూపించి ‘వద్దమ్మా, తమ్ముడి హక్కులు పోతాయి’ అంటోంది. ఎవరి మాట వినాలి?

జవాబు: అమ్మా, ఖాతా వేరు, ఇల్లు వేరు. రెండూ ఒకే సర్టిఫికెట్‌తో తేల్చాలనుకోవడం వల్లే మీకింత టెన్షన్.

మీ అమ్మాయి సరైన చోటే వెతికింది. శామీర్‌పేటలోని నల్సార్‌లో పాఠాలు చెప్పి, అక్కడి వైకల్య అధ్యయన కేంద్రాన్ని నడిపిన అమితా ధండా గారి పనిలో మొదటి నుంచీ కనిపించేది మీ ఇంటి ప్రశ్నే. మానసిక వైకల్యం ఉందన్న కారణంతో ఒక మనిషి నిర్ణయాన్ని చట్టం ఎలా పక్కన పెడుతుంది? 2000లో వచ్చిన ‘లీగల్ ఆర్డర్ అండ్ మెంటల్ డిజార్డర్’లో ఆమె మన చట్టాలను ఈ కోణం నుంచే పరీక్షించారు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం కోసం జరిగిన చర్చల్లోనూ పాల్గొన్నారు. దాని 12వ అధికరణం ప్రకారం వైకల్యం ఉన్నవారికీ అందరితో సమానంగా చట్టపరమైన సామర్థ్యం, అంటే తమ నిర్ణయాలకు చట్టం దృష్టిలో విలువ, ఉంటుంది. అవసరమైతే తోడు ఇవ్వాలి తప్ప వారి స్థానంలో ఇంకొకరిని కూర్చోబెట్టకూడదు. మన దేశం 2007లో దీన్ని అంగీకరించింది. తర్వాత కొత్త చట్టం ముసాయిదా తయారుచేసిన కమిటీకీ ఆమె సహకరించారు. 2016లో వచ్చిన ఆ వికలాంగుల హక్కుల చట్టం 12వ అధికరణం కోరినంత దూరం వెళ్లలేదు. అది పెద్ద లోటని నా అభిప్రాయం. అయినా మీ అబ్బాయికి కావలసిన బలం అందులో ఉంది.

ఆ చట్టం 13వ సెక్షన్ ప్రకారం ఆస్తి కలిగి ఉండటం, వారసత్వంగా పొందటం, డబ్బు వ్యవహారాలు చూసుకోవటం మీ అబ్బాయి హక్కులు. కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ కూడా ఒప్పందం సమయంలో మనిషికి విషయం అర్థమవుతోందా, తన మంచిచెడ్డలు తూచుకోగలడా అనే చూస్తుంది. డౌన్ సిండ్రోమ్ అనే పేరు చూసి తీర్పు చెప్పమనదు. బ్యాంకు వాళ్లు తమంతట తాము కల్పించి అడగలేదు లెండి. గార్డియన్‌షిప్ సర్టిఫికెట్లను ఆధారంగా తీసుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు 2007లో ఒక సర్క్యులర్ ఇచ్చింది. అది గార్డియన్ ద్వారా నడిచే ఖాతాల కోసం. తన జీతం ఖాతా తానే తెరుస్తానని వచ్చిన యువకుణ్ణి వెనక్కి పంపడానికి కాదు.

కాబట్టి ఆధార్, పాన్, యూడీఐడీ (వైకల్య గుర్తింపు) కార్డులతో అతన్నే దరఖాస్తుదారుగా తీసుకెళ్లండి. పక్కన మీరు కూర్చోండి. ఒప్పుకోకపోతే కారణం రాసి ఇమ్మని అడగండి, బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకులపై ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు, రాష్ట్రంలో దివ్యాంగుల కమిషనర్ ఉన్నారు. ఎవరైనా మోసం చేస్తారేమోనని మీ భయం. అది న్యాయమైనదే. చెక్‌బుక్ తీసుకోకుండా, కార్డుకు తక్కువ పరిమితి పెట్టుకుందామని అబ్బాయితో మాట్లాడి ఒప్పించండి.

ఇక ఇల్లు. హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ ప్రకారం జబ్బు, వైకల్యం కారణంగా ఎవరి వాటా పోదు. మీ వారి వాటాలో మీకు, పిల్లలిద్దరికీ సమాన హక్కు ఉంటుంది. చిక్కు రిజిస్ట్రేషన్ దగ్గర రావచ్చు. సంతకం చేసే వ్యక్తికి విషయం తెలియదని సబ్ రిజిస్ట్రార్‌కు అనిపిస్తే దస్తావేజు తిరస్కరించవచ్చు. అప్పుడు ఆ ఒక్క పని కోసం పరిమిత గార్డియన్‌ను కోరండి. 2016 చట్టం 14వ సెక్షన్ కింద జిల్లా కోర్టుకు వెళ్లవచ్చు. లేదా 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఆధ్వర్యంలోని స్థానిక కమిటీకి దరఖాస్తు చేయవచ్చు. ఏ చట్టం కింద నియమించినా ఆ గార్డియన్ పరిమిత గార్డియనే: నిర్ణయం ఇద్దరూ కలిసి తీసుకోవాలి, అదీ మీ అబ్బాయి ఇష్టం ప్రకారం. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద అయితే ఆరు నెలల్లో ఆస్తి జాబితా, ఆపైన ఏటా లెక్కలు ఇవ్వాలి. సరిగా చూడకపోతే తొలగించమని కోరవచ్చు.

మీ మరిది గారి ఉద్దేశం మంచిదే కావచ్చు. బంధువైనంత మాత్రాన స్వార్థం ఉందని చట్టమూ అనుకోదు. కానీ ఈ పంపకంలో ఆయన అవతలి వాటాదారు. ప్రయోజనాలు ఢీకొన్న లావాదేవీలో తోడుగా ఉన్నవాళ్లు తప్పుకోవాలని 13వ సెక్షన్ చెబుతోంది. మామగారి ఇంట్లో మీ వారి వాటా తెచ్చుకునే వరకు అబ్బాయి పక్కన మీరే ఉండవచ్చు. ఆ తర్వాత మీరు ముగ్గురూ పంచుకోవాలనుకుంటే మాత్రం మీరు, మీ అమ్మాయి కూడా వాటాదారులే. అప్పుడు ఇందులో వాటా లేని మేనమామ లాంటి వారిని, అబ్బాయి ఒప్పుకున్నవారిని అడగాలి.

ఇప్పటికైతే గార్డియన్‌షిప్ దరఖాస్తుపై సంతకం చేయకండి. పంపకం ముసాయిదా రాయించారేమో మరిది గారిని అడిగి ఒక కాపీ తీసుకోండి. అందులో అబ్బాయి పేరు, వాటా విడిగా రాశారో లేదో చూడండి.