డాక్యుమెంటేషన్ చదువుతున్నా తలకెక్కడం లేదంటే లోపం ఎక్కడ ఉంది?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట. బట్టల కొట్టు నడుపుతున్నాను. మా పెద్దమ్మాయి విజయనగరంలో హాస్టల్లో ఉండి బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతోంది. పదో తరగతి వరకు జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియమే. వీడియోలు మానేసి డాక్యుమెంటేషన్ (సాఫ్ట్‌వేర్ తయారు చేసినవారే రాసి పెట్టే వివరాలు) చదివి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, దానితో వెబ్‌సైట్లు తయారు చేసే జాంగో నేర్చుకోమని సీనియర్లు చెప్పారట. అప్పటి నుంచి పైథాన్ లైబ్రరీ రిఫరెన్స్‌ను మొదటి పేజీ నుంచి నోట్సు రాసుకుంటూ చదువుతోంది. ఏమీ అర్థం కావడం లేదని, ఈ రంగం తనకు పనికిరాదేమోనని బెంగ పెట్టుకుంది. హైదరాబాదు అమీర్‌పేటలో ఫుల్ స్టాక్ (వెబ్‌సైట్‌ను మొత్తంగా తయారు చేయడం నేర్పే) కోర్సుకు పంపమని బంధువులు అంటున్నారు. అడ్వాన్సు కట్టమని ఒక శిక్షణ సంస్థవారు ఫోన్లు చేస్తున్నారు. ఇబ్బందంతా ఇంగ్లీషు వల్లేనా? చదువుకుంటే సరిపోతుందా, పంపాలా?

జవాబు: అయ్యా, మీ అమ్మాయి కష్టానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది. లైబ్రరీ రిఫరెన్స్‌ను మొదటి పేజీ నుంచి వరసగా చదువుతోందన్నారు. ఏళ్ల తరబడి పైథాన్‌లో పని చేస్తున్నవారు కూడా ఆ భాగాన్ని అలా చదవరు, చదవలేరు. పాఠ్యపుస్తకం చదివి పరీక్ష రాసే పద్ధతిలో పెరిగిన మన పిల్లలు ఏది చేతికిచ్చినా మొదటి పేజీ తెరిచి, ఎర్ర సిరాతో శీర్షికలు రాసుకుంటూ ముందుకు సాగుతారు. డాక్యుమెంటేషన్ అన్న పేరు కింద ఉన్నది ఒక పుస్తకం కాదనీ, వేర్వేరు అవసరాలకు వేర్వేరుగా రాసిన నాలుగైదు రకాల రచనలు అక్కడ పక్కపక్కన ఉంటాయనీ కాలేజీలో ఎవరూ చెప్పరు. చెప్పి ఉంటే ఈ బెంగ ఉండేది కాదు.

మీ కొట్టులో కొత్తగా ఒక కుర్రవాడు చేరితే మొదటి రోజే స్టాకు రిజిస్టరు చేతికిచ్చి మొదటి నుంచి చదవమనరు కదా. చీర ఎలా విప్పి చూపించాలో, ఎలా మడత పెట్టాలో పక్కన నిలబడి చేయిస్తారు. రిజిస్టరు పనికిరానిదేమీ కాదు, ఫలానా రకం ఎన్ని మిగిలాయో చూడవలసి వచ్చినప్పుడు దానికి మించినది లేదు. మీ అమ్మాయి చదువుతున్నది ఆ రిజిస్టరునే.

ఈ తేడాను స్పష్టంగా విడదీసి చెప్పినవారిలో సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ నిపుణుడు డానియేలే ప్రొచీడా ఒకరు. ఆయన డయాటాక్సిస్ పేరుతో డాక్యుమెంటేషన్‌ను నాలుగు రకాలుగా విభజించారు: చేయి పట్టుకుని నడిపించే ట్యుటోరియల్, ఒక నిర్దిష్టమైన పనికి దారి చూపే హౌటు గైడ్, వివరాలు వెతికి చూసుకునే రిఫరెన్స్, ఎందుకు ఇలా ఉందో చెప్పే వివరణ. జాంగో డాక్యుమెంటేషన్ ముఖపేజీలోనే తన భాగాలు ఎలా అమర్చి ఉన్నాయో రాసి ఉంటుంది. అమ్మాయి ముందుగా ఆ నాలుగు పంక్తులు చదవాలి. పైథాన్ సైటులో కూడా ట్యుటోరియల్, లైబ్రరీ రిఫరెన్స్, లాంగ్వేజ్ రిఫరెన్స్, హౌటూలు, తరచూ వచ్చే ప్రశ్నలు వేర్వేరుగా కనిపిస్తాయి. వీటిలో వరసగా చదవవలసింది ట్యుటోరియల్ ఒక్కటే.

ఆ ట్యుటోరియల్ కూడా ప్రోగ్రామింగ్ అసలే తెలియనివారి కోసం కాక, మరో భాష కొంత తెలిసి పైథాన్‌కు కొత్తగా వచ్చినవారి కోసం రాసినది. మీ అమ్మాయి మొదటి సంవత్సరంలో సి భాష చదివే ఉంటుంది కనుక ఇబ్బంది లేదు. మూడో అధ్యాయం నుంచి తొమ్మిదో అధ్యాయం వరకు, అంటే ‘క్లాసెస్’ అనే అధ్యాయం దాకా, కీబోర్డు ముందు కూర్చుని చేయమనండి. కాపీ చేసి పేస్ట్ చేయకుండా ప్రతి ఉదాహరణనూ స్వయంగా టైపు చేయాలి. ఆ తరువాత అందులో ఒక్క అంశం మార్చి, ఏం వస్తుందో ముందుగా కాగితం మీద ఊహించి రాసి, అప్పుడు నడిపి చూడాలి. ఊహ తప్పిన చోట్లే నోట్సు రాయాలి. ఇప్పుడు రాస్తున్న నోట్సు చేతిరాతకు అభ్యాసమే తప్ప మరెందుకూ పనికిరాదు, కొంచెం కటువుగా చెప్పినా.

రిఫరెన్స్ ఎప్పుడు పనికొస్తుందో ఒక ఉదాహరణ చూద్దాం. మార్కుల జాబితాను వరసలో పెట్టాలి. అమ్మాయి జాబితా పేరు పక్కన చుక్క పెట్టి ‘సార్ట్’ అని రాసి, వచ్చినదాన్ని కొత్త పేరులో దాచుకుని ప్రింట్ చేసిందనుకుందాం. మార్కులకు బదులు ‘నన్’ అనే ఒంటి మాట తెర మీద కనిపిస్తుంది. ఎర్రర్ సందేశం కూడా రాదు కనుక ఎక్కడ తప్పిందో తెలియదు. ఇలాంటి సమయంలో రిఫరెన్స్‌లో ‘సార్ట్’ అన్న ఒక్క చోటికే వెళ్లాలి. ఈ మెథడ్ అసలు జాబితానే మార్చేస్తుందనీ, పెద్ద జాబితాలకు స్థలం ఆదా కావడానికి అలా చేశారనీ, అసలు జాబితా మారిపోయిందన్న సంగతి వాడేవారికి గుర్తు చేయడానికే వరస పెట్టిన జాబితాను తిరిగి ఇవ్వదనీ, కొత్త జాబితా కావాలంటే ‘సార్టెడ్’ వాడుకోవాలనీ అక్కడ కొద్ది వాక్యాల్లో ఉంటుంది. కింద మరో ముక్క ఉంటుంది: సమానమైన విలువలు ఉన్నప్పుడు వాటి మధ్య పాత వరస చెదరదు. అంటే ముందు రోల్ నంబరు ప్రకారం, తరువాత మార్కుల ప్రకారం వరస పెడితే, సమానమైన మార్కులు వచ్చినవారు రోల్ నంబరు వరసలోనే ఉంటారు. నిజంగా అవసరం పడి చదివినది కనుక ఈ పేరా మరి మరిచిపోవడం ఉండదు.

రిఫరెన్స్‌ను మొదటిసారి చూసేవారిని తికమక పెట్టేది ఫంక్షన్ (పిలిస్తే ఒక పని చేసిపెట్టే కోడ్) పేరు పక్కన బ్రాకెట్లలో ఉండే వరస. ‘సార్టెడ్’ దగ్గర బ్రాకెట్లలో ఐటరబుల్ (ఒక్కొక్క విలువగా తీసుకోగల జాబితా వంటిది), తరువాత ఒక ఏటవాలు గీత, తరువాత ఒక నక్షత్రం గుర్తు, తరువాత కీ, రివర్స్ ఉంటాయి. ఆ గీత, ఆ నక్షత్రం అచ్చు తప్పులని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. గీతకు ముందున్న విలువను పేరు చెప్పి ఇవ్వకూడదు, స్థానాన్ని బట్టే ఇవ్వాలి. నక్షత్రం తరువాత ఉన్నవాటిని తప్పకుండా పేరుతోనే ఇవ్వాలి. ‘రివర్స్’ పక్కన సమానం గుర్తు పెట్టి ‘ఫాల్స్’ అని ఉంటే, మనం ఏమీ చెప్పకపోతే చిన్నదాని నుంచి పెద్దదానికే వరస పెడుతుందని అర్థం. ఈ గీతను మనం రాసుకునే ఫంక్షన్లలో కూడా వాడుకునే వీలు పైథాన్ 3.8 నుంచి వచ్చింది. ట్యుటోరియల్ నాలుగో అధ్యాయంలో దీని వివరం ఉంది. ఈ ఒక్క వరసను చదవడం పట్టుబడితే లైబ్రరీ రిఫరెన్స్‌లో సగం భయం పోతుంది.

ఇక ఇంగ్లీషు సంగతి. డాక్యుమెంటేషన్ ఇంగ్లీషు కథల ఇంగ్లీషు కంటే, వార్తాపత్రికల ఇంగ్లీషు కంటే ఇరుకైనది. అవే మాటలు పదే పదే వస్తాయి. రిటర్న్స్, రైజెస్, డిఫాల్ట్, ఆప్షనల్, ఐటరబుల్, డిప్రికేటెడ్ వంటి మాటలు, ప్రతి పేజీలో తారసపడేవి, కొద్ది డజన్లకు మించవు. పైథాన్ సైటులోనే గ్లాసరీ, అంటే పదకోశం, ఉంది, తెలియని మాటను అక్కడే చూసుకోవచ్చు. బ్రౌజర్‌లో పేజీ మొత్తాన్ని తెలుగులోకి మార్చే సౌకర్యం ఉంది కానీ అది ఒక్కోసారి సాంకేతిక పదాలను కూడా అనువదించి పాడు చేస్తుంది కనుక, కష్టమైన పేరాను మాత్రమే అలా చూసి మళ్లీ ఇంగ్లీషు పేజీకి రమ్మని నా సలహా. తెలుగు మీడియం నుంచి వచ్చినవారు ఈ రంగంలో వెనకబడేది చదవడంలో కన్నా ఇంటర్వ్యూలో మాట్లాడటంలోనే ఎక్కువ. రోజూ చేసిన పనిని స్నేహితురాలికి ఐదు నిమిషాలు ఇంగ్లీషులో వివరించే అలవాటు అందుకు మందు.

సీనియర్లు వీడియోలు పూర్తిగా మానేయమన్నది మాత్రం అతి. మొదటి పరిచయానికి వీడియో మంచిదే, తెలుగులో ఉంటే మరీ మంచిది. చిక్కు ఏమిటంటే వీడియో తీసిన రోజున ఆగిపోతుంది, సాఫ్ట్‌వేర్ ఆగదు. పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది, అయినా బ్రాకెట్లు లేని పాత ‘ప్రింట్’ నేర్పే పాఠాలు ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. వెబ్ పేజీల తయారీకి వాడే రియాక్ట్ నేర్చుకునేవారిని ఏళ్ల పాటు క్రియేట్ రియాక్ట్ యాప్ అనే సాధనంతో మొదలుపెట్టించారు. 2025 ఫిబ్రవరిలో ఆ సాధనాన్ని కొత్త ప్రాజెక్టులకు వాడవద్దని రియాక్ట్ బృందమే ప్రకటించింది. ఇలాంటి మార్పు ముందుగా తెలిసేది అధికారిక డాక్యుమెంటేషన్‌లోనే. అయితే అక్కడ కూడా ఏ వెర్షన్ పేజీ తెరిచామో పైన చూసుకోవాలి. కాలేజీ ల్యాబులో పైథాన్ 3.10 కంటే పాతది ఉంటే, పేజీలో చూసి రాసిన, 3.10తోనే వచ్చిన ‘మ్యాచ్’ వాక్యం సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. తప్పు అమ్మాయిది కాదు, వెర్షన్‌ది. ఏఐ సాధనాలను అడిగినా ఇదే జాగ్రత్త అవసరం. అవి లేని ఫంక్షన్‌ను కూడా ఉన్నట్టే చెప్పగలవు, ఉందో లేదో తేల్చేది రిఫరెన్స్ పేజీయే.

ఇదేదో కొత్తగా వచ్చిన పద్ధతి కూడా కాదు. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ తాము తయారు చేసిన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మాన్యువల్ మొదటి కూర్పును 1971 నవంబరులోనే తెచ్చారు. ఆ సంప్రదాయం ఈ రోజు మీ అమ్మాయి కాలేజీ ల్యాబులోని లినక్స్ కంప్యూటర్లో ‘మ్యాన్’ అనే కమాండ్‌గా ఉంది. ‘మ్యాన్ ప్రింట్‌ఎఫ్’ అని కొడితే షెల్ కమాండ్ పేజీ వస్తుంది. సి భాషలో తాను చదివిన ప్రింట్‌ఎఫ్ కావాలంటే మధ్యలో 3 అంకె వేయాలి. దీనికి ఇంటర్నెట్ కూడా అక్కరలేదు. సెలవుల్లో నరసన్నపేట వచ్చినప్పుడు సిగ్నల్ సరిగా లేకపోయినా పైథాన్ డాక్యుమెంటేషన్ మొత్తాన్ని ముందుగానే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, పైథాన్ లోపలే ‘హెల్ప్’ అని అడగవచ్చు.

డాక్యుమెంటేషన్ చదివితే చాలా అన్నారు. చాలదు. అది సాధనాన్ని వాడటం నేర్పుతుంది, దాని వెనకున్న శాస్త్రాన్ని నేర్పదు. డేటా స్ట్రక్చర్లు, డేటాబేస్ సూత్రాలు, ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠ్యపుస్తకాల నుంచీ తరగతి నుంచీ రావలసినవే. తరగతిలో లోటు ఉంటే ఐఐటీలు నడిపే ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. క్యాంపస్ నియామకాల్లో మొదటి వడపోత ఎక్కువగా ఆప్టిట్యూడ్, కోడింగ్ పరీక్షలతో జరుగుతుంది కనుక వాటి అభ్యాసం వేరుగా సాగాలి. ఉద్యోగంలో చేరాక మాత్రం, ఎవరూ పాఠం చెప్పని ఒక లైబ్రరీని ఇచ్చి వారంలో పని చేసి చూపించమంటారు. అక్కడ నిలబెట్టేది ఈ అలవాటే.

అందుకని నా సలహా ఇలా ఉంది. పైథాన్ ట్యుటోరియల్ అయ్యాక అమ్మాయి జాంగో ట్యుటోరియల్‌ను, ఓటింగ్ యాప్ తయారు చేయించే ఆ ఎనిమిది భాగాలను, ఒక్కటీ వదలకుండా చేయాలి. మొదటిసారి అక్కడ చెప్పినట్టే చేసి, రెండోసారి ప్రశ్నలు, ఓట్ల స్థానంలో మీ కొట్టు సరుకు పెట్టాలి: చీర రకం, కొన్న ధర, అమ్మిన ధర, మిగిలిన సంఖ్య. ఈ రెండోసారే ఆమె ఒక్కో విషయాన్ని వివరించే టాపిక్ గైడ్లకూ, రిఫరెన్స్‌కూ తప్పనిసరిగా వెళ్లవలసి వస్తుంది. ధరకు ఫ్లోట్ వాడాలా డెసిమల్ వాడాలా (దశాంశ సంఖ్యలను దాచే రెండు పద్ధతులు ఇవి) అన్న ప్రశ్న ట్యుటోరియల్లో లేదు, మోడల్ ఫీల్డుల రిఫరెన్స్‌లో ఉంది. రోజూ సాయంత్రం కొట్టు మూసేటప్పుడు మీరే దాన్ని వాడి, ఏది నచ్చలేదో అమ్మాయికి చెప్పండి. ఇంటర్వ్యూలో చూపించడానికి అందరి దగ్గరా ఉండే నకలు ప్రాజెక్టు కన్నా ఇది మేలు.

అడ్వాన్సు మాత్రం ఇప్పుడు కట్టవద్దు. శిక్షణ సంస్థలకు విలువ లేదనడం లేదు. వేళకు కూర్చోబెట్టడం, తోటివారు దొరకడం, మాక్ ఇంటర్వ్యూలు కొందరికి నిజంగా అవసరం. వేసవి సెలవులు పూర్తయ్యేసరికి కొట్టు ప్రాజెక్టు నడుస్తుంటే ఆ ఖర్చు అవసరం లేదు. మధ్యలో ఆగిపోతే, ఒంటరిగా కూర్చోలేకపోవడం వల్ల ఆగిందా, విషయం అర్థం కాక ఆగిందా అని అమ్మాయినే అడగండి. మొదటిదైతే శిక్షణ ఉపయోగపడుతుంది; అందుకు హైదరాబాదే వెళ్లనక్కరలేదు, విశాఖలోనూ సంస్థలు ఉన్నాయి, వారాంతానికి ఇంటికి రావచ్చు. రెండోదైతే ఏ పేజీ దగ్గర ఆగిందో, ఏ ఎర్రర్ వచ్చిందో రాసి పంపమనండి, చూసి చెబుతాను. ఏ సంస్థలో చేర్చినా డబ్బు కట్టే ముందు డెమో క్లాసుకు అమ్మాయిని కూర్చోబెట్టి, రియాక్ట్ ప్రాజెక్టును దేనితో మొదలుపెట్టిస్తారో అడగమనండి. క్రియేట్ రియాక్ట్ యాప్ అన్నారంటే వారి సిలబస్ 2025కు ముందే ఆగిపోయిందని తెలుసుకుని, మరో చోట చూసుకోండి.