అరవై ఏళ్లయినా మ్యాక్స్‌వెల్ స్మార్ట్ ఎందుకు నవ్విస్తున్నాడు?

1965 నాటి ‘గెట్ స్మార్ట్’ అనే అమెరికన్ గూఢచారి కామెడీని ఇప్పటి వాళ్లు కూడా వెతుక్కుని మరీ చూస్తున్నారు, అంతగా అందులో ఏముంది అని అడిగారు. నేను అమెరికా వచ్చిన కొత్తలో అర్ధరాత్రి పూట పాత సీరియళ్లు వేసే ఛానల్‌లో దీన్ని చూడడం మొదలుపెట్టాను. ఇప్పుడు మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని డీవీడీలు వేస్తున్నాను. ఇన్నేళ్లుగా చూస్తూ నాకు అర్థమైంది చెబుతాను. ఇందులో హీరోకి తాను కామెడీలో ఉన్నానన్న సంగతి తెలియదు. అదే దీని బలం.

ముందు ఆ రోజుల సంగతి కొంచెం. బాండ్ సినిమాలు 1962లో మొదలై, 1964 కల్లా జనాన్ని ఊపేస్తున్నాయి. ఆ గాలి మన దాకా కూడా వచ్చింది, 1966లో కృష్ణ గారి ‘గూఢచారి 116’ ఆ ఊపులో వచ్చిందే. అక్కడి టీవీలో అదే గాలికి ఎదురు తిరిగి మెల్ బ్రూక్స్, బక్ హెన్రీ కలిసి సృష్టించింది ఈ సీరియల్. మొదట ఏబీసీ అనే టీవీ సంస్థ వాళ్ల దగ్గరికి వెళితే, ఇది దేశానికి వ్యతిరేకంగా ఉందని పక్కన పెట్టేశారట. జనం మనసుకు దగ్గరయ్యేలా ఒక ముద్దొచ్చే కుక్కను పెట్టమని కూడా అడిగారట. రచయితలు కుక్కనైతే పెట్టారు, కానీ ఆయాసపడే, చెప్పిన మాట వినని కుక్కను! చివరికి ఎన్‌బీసీ అనే మరో టీవీ సంస్థ తీసుకుంది. ఐదు సీజన్లు, 138 ఎపిసోడ్లు నడిచింది. ఆఖరి సీజన్ మాత్రం ఇంకో ఛానల్, సీబీఎస్‌లో వచ్చింది.

మ్యాక్స్‌వెల్ స్మార్ట్, అంటే ఏజెంట్ 86, ‘కంట్రోల్’ అనే ప్రభుత్వ రహస్య సంస్థలో పని చేస్తాడు. అటువైపు ‘కేయాస్’ అనే దుష్ట సంస్థ. మ్యాక్స్‌గా వేసిన డాన్ ఆడమ్స్‌ని ఒకసారి జాగ్రత్తగా గమనించండి. ముక్కుతో కోసినట్టుండే ఆ గొంతు, నిటారుగా నిలబడే తీరు, మాట్లాడేటప్పుడు ఏమాత్రం తడబాటు లేకపోవడం. తప్పు మీద తప్పు చేస్తున్నా అతని ముఖంలో అనుమానం అనేది కనిపించదు. ఇంకోటి, మ్యాక్స్ పిరికివాడు కాదు. ప్రతి క్షణం ప్రాణాపాయం ఉంటుందని కంట్రోల్ పెద్ద అయిన చీఫ్ హెచ్చరిస్తే, నాకు అదే ఇష్టం అంటాడు, నిజంగానే దూకుతాడు. అందుకే మనం నవ్వుతూనే అతను గెలవాలని కోరుకుంటాం. ఆడమ్స్‌కి 1967 నుంచి వరుసగా మూడేళ్లు టీవీ రంగంలో పెద్దదైన ఎమ్మీ అవార్డు వచ్చిందంటే ఊరికే రాలేదు.

మొదటి ఎపిసోడ్‌లో మ్యాక్స్ విలన్ పడవలో బందీగా దొరికిపోతాడు. ఈ క్షణంలో ఏడు కోస్ట్ గార్డ్ ఓడలు మనల్ని చుట్టుముడుతున్నాయి, నమ్ముతారా అంటాడు. విలన్ నమ్మడం కష్టం అంటాడు. పోనీ ఆరు? ఊహూఁ. అయితే చిన్న తెడ్ల పడవలో ఇద్దరు పోలీసులు? చేపల మార్కెట్లో బేరం లాంటిదే ఇది, కాకపోతే ఇక్కడ అమ్మేవాడే తన ధర తాను తగ్గించుకుంటూ వస్తాడు. మా అబ్బాయి హోంవర్క్ ఎంత వరకు అయిందో ఇప్పుడు ఈ పద్ధతిలోనే చెబుతున్నాడు.

అదే ఎపిసోడ్‌లో సంగీత కచేరీ మధ్యలో మ్యాక్స్ బూటు మోగుతుంది. అడుగున డయల్ ఉన్న ఫోన్ అది. చుట్టూ ఉన్నవాళ్లు చిరాగ్గా చూస్తుంటే లేచి బయటికి వెళతాడు. జనం జేబుల్లో సెల్‌ఫోన్లు లేని 1965లో వచ్చిన సీన్ ఇది! ఈ రోజు ఏ సినిమా హాల్లో చూసినా ఇదే జరుగుతుంది.

కానీ నన్ను అడిగితే, మాటలు బయటివాళ్లకు వినపడకుండా చేయాల్సిన ‘కోన్ ఆఫ్ సైలెన్స్’ అనే యంత్రాన్ని మించింది లేదు. రహస్యం మాట్లాడాలంటే అది దించాల్సిందేనని మ్యాక్స్ పట్టుబడతాడు. అది పనిచేయదని చీఫ్‌కి తెలుసు, వద్దని బతిమాలుతాడు, చివరికి విసుగ్గా ఒప్పుకుంటాడు. పైనుంచి రెండు పారదర్శకమైన బుడగలు దిగి ఇద్దరి తలలనూ కప్పేస్తాయి. ఇక ఒకరి మాట ఒకరికి వినపడదు. ఏమన్నావు అని ఒకరు, ఏంటీ అని ఇంకొకరు గొంతు చించుకుంటారు. బయట నిలబడ్డవాళ్లకే వాళ్లకన్నా బాగా వినిపిస్తుంది. చీఫ్‌గా వేసిన ఎడ్వర్డ్ ప్లాట్ ముఖంలో ఓపిక నశించిపోవడం ఆ బుడగలోంచి చూడండి, అద్భుతంగా చేశాడు. నేను ఐటీలో పని చేస్తాను. వీడియో మీటింగ్ మొదలై, నా మాట వినిపిస్తోందా, మీరు మ్యూట్‌లో ఉన్నారు అంటూ పది నిమిషాలు గడిచిన ప్రతిసారీ నాకు ఆ బుడగలే కళ్ల ముందు కనిపిస్తాయి. పెద్ద ఆఫీసు, ఖరీదైన యంత్రం, ఎవరూ మార్చలేని రూల్. అవి ఉన్నంత కాలం ఈ సీన్‌కి వయసు రాదు. కేయాస్‌లో సీగ్‌ఫ్రీడ్ అనే విలన్‌కి కూడా హోదా ఉంది, ప్రజా సంబంధాలు, ఉగ్రవాదం రెండింటికీ కలిపి వైస్ ప్రెసిడెంట్!

మ్యాక్స్‌తో కలిసి పనిచేసే ఏజెంట్ 99 లేకపోతే ఇదంతా ఉత్త అల్లరిగా మిగిలిపోయేది. బార్బరా ఫెల్డన్ ఆ పాత్రను ఎంత హుందాగా చేసిందో! తెలివి ఆమెది, చాలాసార్లు మ్యాక్స్‌ని కాపాడేదీ ఆమే. అయినా అతన్ని ఒక్కసారి కూడా చులకనగా చూడదు. ఆ చూపులో ప్రేమ ఉంటుంది, అది మనకూ అంటుకుంటుంది. ఐదు సీజన్లలోనూ ఆమె అసలు పేరు ఏంటో మనకు చెప్పరు.

అన్నీ బాగున్నాయని చెప్పను. ఆసియా విలన్ల ఉచ్చారణ మీద వేసిన జోకులు నాకు బాధ కలిగిస్తాయి. యాసతో ఇక్కడ బతుకుతున్నవాళ్లకు అవి గుచ్చుకుంటాయి. మా అబ్బాయితో చూసేటప్పుడు అక్కడ ఆపి, అది ఎందుకు తప్పో మాట్లాడుకున్నాం. మ్యాక్స్‌కీ 99కీ పెళ్లయ్యి కవల పిల్లలు పుట్టాక ఆఖరి సీజన్‌లో ఊపు కూడా తగ్గింది.

మొదలుపెట్టాలంటే మొదటి ఎపిసోడ్ నుంచే చూడండి. అదొక్కటే బ్లాక్ అండ్ వైట్, మిగతావన్నీ రంగుల్లో ఉంటాయి. పిల్లలు ఉంటే మాత్రం హైమీ అనే రోబో వచ్చే ఎపిసోడ్లు ముందు పెట్టండి. చెప్పిన మాటను అక్షరాలా పాటిస్తాడు. లైటు ఆర్పమని ఇంగ్లీషులో ‘కిల్ ద లైట్’ అంటే, చంపమన్నారనుకుని తుపాకీ తీసి బల్బును పేల్చేస్తాడు. మా ఇంట్లో ఆ సీన్ వెనక్కి తిప్పి మళ్లీ వెయ్యక తప్పలేదు.