కారు నడపని ఛాంపియన్‌తో టీమ్‌కి ఏం పని?

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా రేసింగ్ మీదే వచ్చాయి. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి జరిపాం, ఏమనుకోకండి.

ప్రశ్న: సార్, నేను ఫార్ములా వన్ వదలకుండా చూస్తాను. మెర్సిడెస్ టీమ్‌లో నికీ లౌడాకి పది శాతం వాటా ఉండేదని చదివాను. ఆయన కారు నడిపేవాడు కాదు, డిజైన్ గీసేవాడు కాదు, ఎర్ర టోపీ పెట్టుకుని గ్యారేజీలో నిలబడేవాడు. ఫొటోలకి తప్ప అలాంటి మనిషి వల్ల టీమ్‌కి ఏం లాభం? మా ఇంట్లో దీని మీద పెద్ద వాదనే నడుస్తోంది.
– ఒక పాఠకుడు, కడప

జవాబు: వాదనలో మీరు ఏ పక్షమో రాయలేదు గానీ, ఫొటోల పక్షమైతే మాత్రం ఓడిపోయినట్టే.

లౌడా మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్. 1975, 1977లో ఫెరారీతో గెలిచాడు. తర్వాత ఒకసారి రిటైరై, విమానాల కంపెనీ పెట్టుకుని, మళ్ళీ తిరిగొచ్చి 1984లో మెక్‌లారెన్‌తో గెలిచాడు, అది కూడా తన టీమ్‌లోనే ఉన్న అలెన్ ప్రోస్ట్ మీద అర పాయింటు తేడాతో. 1976 ఆగస్టు 1న నూర్‌బర్గ్‌రింగ్‌లో కారు అంటుకుని చావు అంచుదాకా పోయినవాడు ఆరు వారాలకే మోంజాలో రేసు నడిపాడు. అదే మనిషి అదే ఏడాది చివరి రేసులో, ఫూజీలో, కుండపోత వాన కురుస్తుంటే "ఇది నడిపే పరిస్థితి కాదు" అని కారు దిగిపోయాడు, ఒక్క పాయింటుతో టైటిల్ జేమ్స్ హంట్‌కి పోయింది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, అలాంటివాడు వచ్చి ఒక మాట చెప్తే అవతలివాడు వినే తీరే వేరు.

ఇప్పుడు 2012 సెప్టెంబరుకి రండి. మెర్సిడెస్ 2010లో మళ్ళీ సొంత టీమ్‌తో దిగింది, మూడో సీజన్ నడుస్తోంది, అప్పటికి గెలిచింది ఒక్క రేసు. లూయిస్ హామిల్టన్ మెక్‌లారెన్‌లో ఉన్నాడు, 2008 ఛాంపియన్, కారు రేసులు గెలుస్తోంది. అలాంటి టీమ్ వదిలి ఓడిపోతున్న టీమ్‌కి రమ్మని ఎవరు అడగగలరు? టెక్నికల్ విషయాలు అప్పటి టీమ్ బాస్ రాస్ బ్రాన్ చెప్పాడు, 2014లో ఇంజిన్ రూల్స్ మొత్తం మారుతున్నాయి, మేం ముందు నుంచీ పని మొదలుపెట్టాం అని. కానీ ఏ టీమ్ బాసైనా అదే చెప్తాడు, ఆ మాట చెప్పడమే అతని ఉద్యోగం. లౌడా చెప్పినప్పుడు మాత్రం అది ఒక డ్రైవర్ ఇంకో డ్రైవర్‌కి చెప్పినట్టు ఉంటుంది. ఆయన స్వయంగా 1977లో ఛాంపియన్‌గా ఉండి కూడా ఫెరారీ వదిలి బ్రాభమ్‌కి వెళ్ళినవాడు. (ఆ నిర్ణయం ఆయనకి పెద్దగా కలిసి రాలేదు, అది వేరే సంగతి. బహుశా ఆ ముచ్చట హామిల్టన్ దగ్గర ఎక్కువసేపు మాట్లాడి ఉండడు.) హామిల్టన్ వచ్చాడు. 2014 నుంచి 2021 దాకా వరసగా ఎనిమిది కన్‌స్ట్రక్టర్స్ టైటిళ్ళు, అంటే టీములకిచ్చే టైటిళ్ళు, మెర్సిడెస్‌వే.

క్రెడిట్ అంతా లౌడాకి రాసేస్తే బ్రిక్స్‌వర్త్‌లో ఆ ఇంజిన్ చేసినవాళ్ళు నవ్వుతారు, అది కూడా నిజమే. కానీ ఆ ఇంజిన్ ముందు ఎవరు కూర్చోవాలనే దగ్గర ఆయన మాట పనిచేసింది.

రెండో పని కంటికి కనపడదు. టీమ్ వెనక డైమ్లర్ (అప్పటి మెర్సిడెస్ సొంతదారు) లాంటి పెద్ద కంపెనీ ఉంటే, డబ్బు మంజూరు చేసే బోర్డు ఒకచోట, కారు చేసేవాళ్ళు ఇంకోచోట ఉంటారు. జీతం తీసుకునే మేనేజర్ బోర్డు ముందుకెళ్ళి "మీరిచ్చే డబ్బుతో గెలవడం కుదరదు" అని ఒకసారి అనగలడు, రెండోసారి అంటే ఉద్యోగం టెన్షన్. లౌడాకి ఆ భయం లేదు. ఉద్యోగం కావాలా, పేరు కావాలా, ఏదీ అక్కర్లేదు. ఆయన నాన్ ఎగ్జిక్యూటివ్ ఛైర్మన్‌గా చేసిన అసలు పని బోర్డుకీ టీమ్‌కీ మధ్య నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు మెత్తబరచకుండా చేరవేయడం.

మీ ఇంట్లో అవతలి పక్షం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, వాళ్ళు అడగకముందే నేనే చెప్తాను. ఇదే లౌడా 2001లో జాగ్వార్ టీమ్‌కి వెళ్ళాడు, ఆ ఏడాదే పగ్గాలు కూడా చేతికొచ్చాయి. 2002 జనవరిలో వలెన్సియాలో తానే ఆ కారెక్కి నడిపి చూశాడు, రెండుసార్లు గిర్రున తిరిగి పక్కకి పోయాడు. అందరికీ నవ్వులాటయింది. ఆ ఏడాది చివర టీమ్ యజమాని ఫోర్డ్ ఆయన్ని పంపించేసింది. అదే మనిషి, అదే నోరు, అవే మూడు టైటిళ్ళు. జాగ్వార్‌లో ఏం తేడా కొట్టిందంటే, అక్కడ ఆయన్ని ఫ్యాక్టరీ నడపమన్నారు. ఎవరికి ఏ పని అప్పజెప్పాలి, ఏ భాగం ఎప్పటికి రావాలి, ఏ ఖర్చు తగ్గించాలి, ఇవన్నీ రోజూ కూర్చుని చేసే పనులు, వాటికి రేసులు గెలిచిన అనుభవం పెద్దగా ఉపయోగపడదు. మెర్సిడెస్‌లో ఆ రోజువారీ పని టోటో వోల్ఫ్ చూసుకున్నాడు కాబట్టి లౌడా లౌడాలా ఉంటే సరిపోయింది. నన్నడిగితే రిటైరైన ఛాంపియన్ విలువ ఎంత అనేది అతని కప్పుల్లో లేదు, టీమ్ అతని నెత్తిన ఏ పని పెట్టకుండా ఉంది అన్నదాంట్లో ఉంది.

ప్రశ్న: మా వైపు బండలాగుడు పోటీల్లో తోలడం మానేసిన పెద్దాయన గట్టు మీద కూర్చుని ఒక మాటంటే జత యజమానులు కూడా నోరు మూసుకుని వింటారు. రేసు కార్లలో కూడా అంతేనా? ఇన్ని కంప్యూటర్లు వచ్చాక పాత డ్రైవర్ అనుభవం ఇంకా చెల్లుతుందా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: సగం చెల్లుతుంది. ముప్పై ఏళ్ళ కిందటి ఎద్దుకీ ఇప్పటి ఎద్దుకీ మేతలో తేడా ఉండొచ్చు గానీ ఎద్దు ఎద్దే, కాబట్టి మీ పెద్దాయన చెప్పేది ఇవాళ్టికీ పనికొస్తుంది. కారు అలా కాదు. టైర్లు మారతాయి, బ్రేకులు మారతాయి, స్టీరింగ్ మీద బటన్లు పెరుగుతాయి. నాలుగేళ్ళు దూరంగా ఉన్నవాడికి కారు చేతికి కొత్తగానే ఉంటుంది.

షూమాకర్ ఉదాహరణ చూడండి. ఏడు టైటిళ్ళు, 2006 చివర రిటైరయ్యాడు, ఫెరారీ సలహాదారుగా పెట్టుకుంది. 2009 జులైలో హంగరీలో ఫెలిపే మాస్సాకి తలకి దెబ్బ తగిలితే ఆ సీట్లో షూమాకరే దిగుతాడన్నారు. కానీ టెస్టింగ్ మీద నిషేధం ఉండటంతో ఆ ఏటి కారు తాకనివ్వలేదు, పాత కారులో ప్రాక్టీస్ చేశాడు. అంతకుముందు మోటర్‌సైకిల్ మీంచి పడి మెడకి తగిలిన గాయం ఓర్చుకోనివ్వలేదు, మానుకున్నాడు. బదులుగా ఫెరారీ తన టెస్ట్ డ్రైవర్ లూకా బడోయెర్‌ని దింపితే, పాపం 1999 తర్వాత రేసే నడపని మనిషి, వలెన్సియాలో అందరికంటే వెనక నుంచి మొదలయ్యాడు. ఏళ్ళ తరబడి ఆ కార్లనే టెస్ట్ చేసినవాడి పరిస్థితే అది. తర్వాత షూమాకర్ 2010 నుంచి మూడు సీజన్లు మెర్సిడెస్‌కి నడిపాడు, మొత్తానికి ఒకే ఒక్క పోడియం (మొదటి ముగ్గురిలో చోటు), 2012లో వలెన్సియాలో మూడో స్థానం. ఆ మూడేళ్ళూ పాయింట్లలో టీమ్‌మేట్ నికో రోస్‌బర్గే పైన ఉన్నాడు.

బైకుల్లో మాత్రం కథ వేరే. అక్కడ మనిషి శరీరమే బండిలో సగం, ఎటు వంగాడు, ఎప్పుడు బరువు మార్చాడు అన్నది కంప్యూటర్ గీత చూసి పూర్తిగా తెలియదు. పైగా ప్రతి కంపెనీకీ టెస్ట్ రైడర్ ఉంటాడు, వాళ్ళకి ట్రాక్ మీద రోజులు దొరుకుతాయి. కేసీ స్టోనర్ 2012లో రిటైరయ్యాక ముందు హోండాకి, తర్వాత డుకాటీకి అదే పని చేశాడు. ఇంకా మంచి ఉదాహరణ డానీ పెడ్రోసా. పెద్ద క్లాసులో, అంటే మోటోజీపీలో, టైటిల్ రాలేదు గానీ కింది క్లాసుల్లో మూడున్నాయి. 2018 చివర రేసులు మానేసి కేటీఎమ్‌కి టెస్ట్ రైడర్‌గా చేరాడు. ఆయన టెస్ట్ చేసిన బండి మీదే 2020లో బ్రనోలో బ్రాడ్ బైండర్ కేటీఎమ్‌కి మొదటి మోటోజీపీ గెలుపు తెచ్చాడు. పెడ్రోసా 2023లో మిసానోలో అతిథిగా దిగి తానే నాలుగో స్థానంలో వచ్చాడు. మీ ఊళ్ళో కేటీఎమ్ డ్యూక్ బండేసుకుని తిరిగే కుర్రాళ్ళకి ఈ సంగతి చెప్పండి, బహుశా నమ్మరు.

ప్రశ్న: అలెన్ ప్రోస్ట్ నాలుగుసార్లు ఛాంపియన్ కదా, సొంత టీమ్ ఎందుకు మునిగిపోయింది?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: 1997లో లిజియే టీమ్ కొని తన పేరు పెట్టుకున్నాడు. 2000లో సీజన్ మొత్తానికి ఒక్క పాయింటు రాలేదు, 2002 మొదట్లో దివాలా తీసి మూతపడింది. మొదటి జవాబులో చెప్పిందే ఇక్కడా వర్తిస్తుంది, యజమాని అవగానే ఛాంపియన్ కాస్తా అప్పులవాళ్ళతో మాట్లాడే మనిషైపోతాడు. జాన్ సర్టీస్ కూడా అంతే, బైకుల్లో, కార్లలో రెండింటా ప్రపంచ ఛాంపియన్ అయిన ఒకే ఒక్కడు, ఆయన టీమ్ 1970 నుంచి 1978 దాకా నడిచి ఒక్క గ్రాండ్ ప్రి గెలవలేదు.

జాకీ స్టీవర్ట్ తెలివిగా చేశాడు. ఫోర్డ్‌తో ఏళ్ళ నాటి స్నేహం ఉంది, ఇంజిన్ల ఒప్పందం చేతిలో పెట్టుకుని 1997లో కొడుకు పాల్‌తో కలిసి దిగాడు. 1999లో నూర్‌బర్గ్‌రింగ్‌లో జానీ హెర్బర్ట్ ఆ టీమ్‌కి రేసు గెలిపించాడు, అదే ఏడాది టీమ్‌ని ఫోర్డ్‌కే అమ్మేశాడు. ఆ టీమే తర్వాత లౌడా వెళ్ళిన జాగ్వార్, ఇప్పుడు మీరు చూస్తున్న రెడ్ బుల్.

ప్రోస్ట్‌కి కూడా మంచిరోజులు లేకపోలేదు. ఎలక్ట్రిక్ కార్ల పోటీ ఫార్ములా ఈలో ఇ.డామ్స్ టీమ్‌కి భాగస్వామిగా ఉన్నప్పుడు మొదటి మూడు సీజన్లూ టీమ్ టైటిల్ వాళ్ళదే, కాకపోతే రోజువారీ పని తెలిసిన జాన్ పాల్ ద్రియో పక్కన ఉన్నాడు.

ప్రశ్న: అన్నా, మాది ఇంజనీరింగ్ కాలేజీ టీమ్, బాజా పోటీకి బగ్గీ తయారు చేస్తున్నాం. ర్యాలీల్లో కప్పులు గెలిచి రిటైరైన ఒకాయన్ని మెంటర్‌గా పిలుద్దామని మా మేనేజ్‌మెంట్ అంటోంది. ఆయనకిచ్చే డబ్బుతో మంచి షాక్ అబ్జార్బర్లు వస్తాయని నా గోల. ఏం చేయమంటావు?
– ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: ఎప్పుడు పిలుస్తారన్న దాన్నిబట్టి ఉంటుంది తమ్ముడూ. బండి పూర్తయ్యాక కొబ్బరికాయ కొట్టే రోజు పిలిచేటట్టయితే నువ్వే కరెక్ట్, షాక్‌లు కొనుక్కోండి. ఛాసిస్ ఇంకా వెల్డింగ్ కాకముందే పిలిస్తే మాత్రం ఆయన ఖర్చు తిరిగొస్తుంది. సీటు ఎత్తు, పెడల్ దూరం, స్టీరింగ్ అందే తీరు, హెల్మెట్ పెట్టుకుంటే పక్కకి కనపడుతుందా లేదా, ఇవి కంప్యూటర్ డ్రాయింగ్‌లో బాగానే ఉంటాయి, నాలుగు గంటల ఎండ్యూరెన్స్ రేసులో రెండో గంటకి మీ డ్రైవర్ భుజాలు చెప్తాయి అసలు సంగతి. పైపులు అతికించాక మార్చాలంటే మళ్ళీ కోసి అతికించాలి.

బండి నడిచే స్థితికి వచ్చాక ఆయన చేతికివ్వండి. ఆయన దిగగానే "ఏ పార్టు మార్చాలి సార్" అని అడగొద్దు, బండి ఏ మలుపులో ఏం చేసిందో మాత్రమే చెప్పమనండి. ముందు టైర్లు తిరగనంటున్నాయా, వెనక భాగం జారుతోందా, బ్రేక్ వేస్తే పక్కకి లాగుతోందా. ఏ పార్టు అన్నది మీరు లెక్కగట్టాలి, అది మీ చదువు. మీలో ఒకడు పక్కన నోట్‌బుక్ పట్టుకుని ఆయన అన్న మాటలు అన్నట్టే రాయాలి, తర్వాత మార్పు చేసి అదే దారిలో స్టాప్‌వాచ్ పెట్టి చూడాలి. టైమ్ తగ్గకపోతే ఆయన ఎంత పెద్దవాడైనా ఆ మార్పు తీసేయండి.

లౌడా 1974లో ఫెరారీకి కొత్తగా వెళ్ళినప్పుడు కారు నడిపి దిగి, ఎంజో ఫెరారీ ముందే కారు బాలేదని చెప్పాడట. ఆయన ఎదుట అలా మాట్లాడేవాళ్ళు తక్కువ. అయితే మార్చి చూపించు అన్నారు, ఇంజనీర్లతో కూర్చుని చూపించాడు, మరుసటి ఏడు టైటిల్ వచ్చింది, 1964 తర్వాత ఫెరారీకి అదే మొదటిది. మీరు పిలిచే పెద్దమనిషి మీ ప్రిన్సిపాల్ ముందు "ఈ బండి బాలేదు" అనగలడా లేదా, ఆయన ఎంపికలో ముందు అది తేల్చుకోండి. అందరికీ "సూపర్ బాబూ" అనేవాడైతే షాక్‌లే మేలు.

ఫొటో గురించి ఒక మాట. అది తీయించుకోండి, ఫ్లెక్సీ కూడా వేయించండి, ఊళ్ళో టైర్ల షాపాయన స్పాన్సర్ చేయడానికి అది పనికొస్తుంది.

ప్రశ్న: నికో రోస్‌బర్గ్ 2016లో టైటిల్ గెలిచిన ఐదు రోజులకే రిటైరయ్యాడు. మెర్సిడెస్ అతన్ని సలహాదారుగా ఎందుకు పెట్టుకోలేదు?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: ఎవరికి సలహా చెప్పాలి? గ్యారేజీలో ఉన్నది హామిల్టన్, ఆ టైటిల్ ఎవరి చేతిలోంచి లాక్కున్నాడో అతనే. కారు నడిపేవాడికి ముఖం చూడబుద్ధి కాని ఛాంపియన్ పక్కన కూర్చుంటే టీమ్‌కి లాభం కాదు, రోజూ పంచాయితీ. రోస్‌బర్గ్ సొంత దారి చూసుకున్నాడు, ఎలక్ట్రిక్ బండ్లతో మట్టిలో, ఇసుకలో నడిచిన ఎక్స్‌ట్రీమ్ ఈ పోటీలో టీమ్ పెట్టాడు. అక్కడికి హామిల్టన్ కూడా తన టీమ్ పంపాడు. 2021లో ఇద్దరి టీములూ పాయింట్లలో సమానంగా నిలిస్తే గెలిచిన రేసులు ఎక్కువున్నాయని టైటిల్ రోస్‌బర్గ్ టీమ్‌కిచ్చారు, 2022లో హామిల్టన్ టీమ్ తీసుకుంది.