ట్యాబ్ పక్కన కూర్చునే మనిషి

ప్రశ్న: మేము పల్నాడు జిల్లాలోని ఒక ఊరి ఉన్నత పాఠశాలలో 1998లో పదో తరగతి చదువుకున్నవాళ్లం. పోయిన సంక్రాంతికి అందరం కలిసినప్పుడు బడికి ఏదైనా చేయాలనుకొని రెండు లక్షల రూపాయలు పోగు చేశాం. ఇప్పుడు అక్కడ చదివే పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది మిరప కోతలకు, పత్తి తీతకు వెళ్లే కూలీలు. ఆ డబ్బుతో పిల్లలకు ట్యాబ్‌లు కొని పంచుదామని కొందరు, కంప్యూటర్ గది పెట్టిద్దామని కొందరు అంటున్నారు. ఇలాంటి పని చేసిన స్వచ్ఛంద సంస్థల అనుభవం ఏమి చెబుతోంది? ఏది మేలు?
– ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా

జవాబు: మీ మిత్రుల్లో రెండు పక్షాలవారూ ఏ వస్తువు కొనాలన్న దాని గురించే ఆలోచిస్తున్నారు. ఆ వస్తువు ముందు పిల్లవాడు కూర్చున్నప్పుడు పక్కన ఎవరుంటారు, రోజులో ఏ గంటను దానికి కేటాయిస్తారు అన్న మాట మీ ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు. ఈ పని నిలబడేదీ లేనిదీ అక్కడే తేలుతుందని నా గట్టి నమ్మకం. అది ఎలా కలిగిందో తెలియాలంటే వడోదర సంగతి చెప్పాలి.

2000లో గుజరాత్ ప్రభుత్వం వడోదర నగరంలోని 100 మునిసిపల్ ప్రాథమిక పాఠశాలలకు బడికి నాలుగు చొప్పున కంప్యూటర్లు ఇచ్చింది. రెండేళ్లు గడిచాక, 2002 జూన్‌లో పరిశీలిస్తే, దాదాపు ఏ బడిలోనూ అవి పిల్లల చేతికి రాలేదని తేలింది. ఆ దశలో ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఆ పనిలోకి దిగింది. మాధవ్ చవాన్, ఫరీదా లాంబే 1990ల మధ్యలో ముంబై బస్తీల పిల్లల కోసం మొదలుపెట్టిన సంస్థ అది. వాళ్లు కొత్త యంత్రాలేవీ తేలేదు. ఉన్న కంప్యూటర్లలోనే లెక్కల ఆటలు పెట్టి, నాలుగో తరగతి పిల్లలను ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరేసి కూర్చోబెట్టి, వారానికి రెండు గంటల సమయం ఖాయం చేసి, స్థానికంగా ఎంపిక చేసి తర్ఫీదు ఇచ్చిన యువతీయువకులను వాళ్లకు తోడుగా నిలిపారు. తరవాత నోబెల్ బహుమతి అందుకున్న ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తమ సహచరులతో కలిసి ఆ పిల్లలను, ఆ అవకాశం లేని బడుల పిల్లలను పోల్చి చూసి 2007లో ఫలితాలు ప్రచురించారు. లెక్కల్లో వచ్చిన మెరుగుదల చెప్పుకోదగ్గంత పెద్దది. అయితే ఆ కార్యక్రమం ఆగిన ఏడాదికి అందులో ఎక్కువ భాగం కరిగిపోయిందని కూడా అదే అధ్యయనం చెప్పింది. అందువల్ల ఒక్క ఏడాది ఉత్సాహంతో చేసి వదిలేసే పనిగా దీన్ని తలపెట్టవద్దని మీ మిత్రులకు ముందే చెప్పండి.

దీనికి భిన్నమైన ఉదాహరణ పెరూ దేశం. అక్కడి పల్లె బడుల్లో ప్రతి పిల్లవాడికీ ఒక చిన్న ల్యాప్‌టాప్ అందేలా పంచారు. 319 బడులను పరిశీలించి 2012లో ప్రకటించిన అధ్యయనంలో, పిల్లలు కంప్యూటర్ వాడడం బాగానే నేర్చుకున్నా లెక్కల్లో గానీ భాషలో గానీ ఆ పంపకం వల్ల కలిగిన మేలేదీ కనిపించలేదు.

ఆ తేడా ఎలా వస్తుందో ఒక సాయంత్రం నేను కళ్లారా చూశాను. ఒక బస్తీలోని సామాజిక భవనంలో చాప మీద అయిదో తరగతి పిల్ల ట్యాబ్‌లో తీసివేతలు చేస్తోంది. 52లోంచి 27 తీసేయాలి. ఆ పిల్ల 35 అని నొక్కింది, తెర మీద ఎర్రటి ఇంటూ గుర్తు పడింది. 34 అంది, 36 అంది, అలా అంకెలు మార్చుకుంటూ పోయింది తప్ప తప్పు ఎక్కడుందో ఆ గుర్తు ఆమెకు చెప్పలేకపోయింది. పక్కనున్న శిక్షకురాలు డిగ్రీ చదువుతున్న అదే వీధి అమ్మాయి. ఆమె సంచిలోంచి పదేసి అగ్గిపుల్లలకు రబ్బరు బ్యాండు వేసిన అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు తీసి చాప మీద పెట్టి, "ఇందులోంచి ఏడు పుల్లలు ఇవ్వు చెల్లీ" అంది. రెండే ఉన్నాయి. ఆ పిల్ల కాసేపు చూసి తనంతట తానే ఒక కట్ట రబ్బరు బ్యాండు విప్పింది. ఆ తరవాత ట్యాబ్‌లో వరసగా ఎనిమిది లెక్కలు తప్పు లేకుండా చేసింది. అలుపు లేకుండా ఎనిమిది లెక్కలు ఇచ్చి వెంటనే తప్పొప్పులు చూపడం ట్యాబ్ చేయగల పని, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కట్ట విప్పించడానికి మాత్రం మనిషి ఉండాలి.

మీ డబ్బు సంగతికి వస్తాను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చింది గనక, మీ ఊళ్లో వాటిలో ఎన్ని ఇంకా పనిచేస్తున్నాయో ఇల్లిల్లూ తిరిగి ముందుగా లెక్క తీయండి. కొనక తప్పదనుకుంటే పది ట్యాబ్‌లకు మించి కొనకండి. మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ పల్లెల్లో ప్రథమ్ చేసింది ఇదే: పిల్లలను చిన్న జట్లుగా చేసి, జట్టుకొక ట్యాబ్ ఇచ్చి, వాటి సంరక్షణను ఊరివాళ్లకే అప్పగించింది. అయిదుగురికి ఒకటి చొప్పున పది ట్యాబ్‌లు యాభై మందికి సరిపోతాయి. ఒక్కొక్కటి పదివేల లోపు దొరికితే లక్ష రూపాయలు మిగులుతాయి. మీ ఊళ్లోనే ఇంటర్ గానీ డిగ్రీ గానీ చదివిన ఒక అమ్మాయికి నెలకు 5,000 చొప్పున ఇస్తే 16 నెలలకు 80,000 అవుతుంది. మిగిలిన ఇరవైవేలు మరమ్మతులకు, ఛార్జర్లకు, నెట్ రీఛార్జికి ఉంచండి. కూలి పనుల నుంచి తల్లిదండ్రులు తిరిగి వచ్చే ముందు, బడి విడిచిన తరవాత ఉండే గంటన్నర ఆ పిల్లలకు దిక్కులేని సమయం గనక కేంద్రం అప్పుడే నడవాలి.

ఇంకొక్క మాట. ఏ తరగతి పిల్లవాడికి ఆ తరగతి పాఠమే చూపించాలని పట్టుబట్టకండి. ఢిల్లీలో 2015లో పేద కుటుంబాల పిల్లలతో ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ తదితరులు చేసిన అధ్యయనంలో, ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నట్టు తేలింది. ప్రతి పిల్లవాడికీ తన స్థాయికి తగిన ప్రశ్నలే వచ్చేలా సాఫ్ట్‌వేర్ వాడి, దానితోపాటు చిన్న బృందంలో శిక్షకుడి బోధన కూడా జరిపినప్పుడు నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లోనూ హిందీలోనూ గణనీయమైన అభివృద్ధి కనిపించింది. మీరు కూడా మొదటి రోజున ట్యాబ్‌లు తెరవకుండా, ప్రతి పిల్లవాడి చేతా అక్షరాలు, పదాలు, నాలుగు వాక్యాల పేరా, ఒక చిన్న కథ వరసగా చదివించి ఎక్కడ ఆగిపోతున్నాడో రాసుకోండి. పల్లె పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వేవాళ్లు 2005 నుంచి దేశమంతటా పల్లెల్లో చేస్తున్నది ఇదే. పిల్లవాడికి కొన్ని నిమిషాలు చాలు.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో నాలుగిళ్లలో పని చేసుకుంటాను. నాకు చదువు రాదు, ఈ ఉత్తరం పక్కింటి అమ్మాయి చేత రాయిస్తున్నాను. మాకు ఉన్నది ఒక్కటే ఫోను. మా ఆయన పనికి పట్టుకుపోతే రాత్రి ఎనిమిదికి గానీ ఇల్లు చేరదు. అప్పుడు తొమ్మిదో తరగతి చదివే కొడుకు తీసుకుంటాడు. మూడో తరగతి చదివే కూతురి చేతికి రాదు. చదువు రాని నేను ఆ పిల్లకు ఏం చేయగలను?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ ఇంటి సంగతి చాలా ఇళ్ల సంగతి. 2024 అసర్ సర్వే ప్రకారం పల్లెల్లో 14–16 ఏళ్ల పిల్లల్లో దాదాపు 90 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. ఫోను వాడడం తెలిసిన పిల్లల్లో అంతకు ముందు వారంలో చదువుకు సంబంధించిన పనికి వాడినవారు 57 శాతం అయితే, సోషల్ మీడియాకు వాడినవారు 76 శాతం. ఆడపిల్లలకు సొంత ఫోను ఉండడం మగపిల్లల కంటే తక్కువేనని కూడా అదే సర్వే చెప్పింది. కాబట్టి ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర వరకు ఫోను చిన్నదానిదని మీ ఆయనతో చెప్పించి ఖాయం చేయించండి. ఇది మీరు అడగదగిన మాట, వెనకాడవద్దు.

ఆ అరగంటకు రెండు ఉచిత వస్తువులు చాలు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో తెలుగు బొమ్మల కథలు స్థాయిలవారీగా దొరుకుతాయి, డబ్బు కట్టనక్కరలేదు, దించుకుంటే నెట్ లేకపోయినా చదువుకోవచ్చు. రెండోది దీక్ష యాప్. పాప పాఠ్యపుస్తకంలో ఉండే నలుపు తెలుపు గళ్ల క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియో తెరుచుకుంటుంది. వీటిని పెట్టివ్వడం మీ అబ్బాయి పని చేయండి, వాడికీ బాధ్యత అలవాటవుతుంది. పగలు ఫోను లేనప్పుడు టీవీలో టీ-శాట్ విద్య ఛానల్ ఉంది. 2020 సెప్టెంబరులో బడులు మూసి ఉన్న రోజుల్లో మన పిల్లలు దూరదర్శన్ యాదగిరితో పాటు దానిలోనే పాఠాలు విన్నారు.

చదువు రాకపోవడం గురించి మీరు కుంగిపోవలసిన పని లేదు. కరోనా కాలంలో ప్రథమ్ సంస్థ తల్లులను చిన్న బృందాలుగా కూర్చింది. ఒక్క తల్లి దగ్గర స్మార్ట్‌ఫోన్ ఉన్నా ఆమెకు వచ్చిన చిన్న చిన్న ఆటల సందేశాలను మిగతా తల్లులకు చెప్పేది, అందరూ తమ పిల్లలతో ఆ ఆట ఆడించేవారు. ఆ తల్లుల్లో చదువు రానివారూ ఉన్నారు. మీ వరసలో అయిదుగురు తల్లులున్నా ఇది మొదలవుతుంది, మీకు ఉత్తరం రాసిపెట్టిన అమ్మాయే ఆ సందేశాలు చదివిపెట్టగలదు. మీరు పప్పు ఏరుతుంటే పాప పక్కన కూర్చుని కథ పైకి చదవాలి, చదివిన తరవాత మీరు "అప్పుడు ఆ కుందేలు ఏం చేసింది? ఎందుకు చేసింది?" అని అడగాలి. అర్థం కాకుండా చదివిన పిల్ల తడబడుతుంది, ఆ తడబాటు పట్టుకోవడానికి అక్షరాలు రానవసరం లేదమ్మా.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటున్న తెలుగు కుటుంబాలం. మా దగ్గరున్న పాత ల్యాప్‌టాప్‌లు ఊళ్లో బడికి పంపడం మంచిదా, లేక డబ్బు పంపడమా?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: మీకు దగ్గరలోని న్యూయార్క్‌లోనే 1999లో కంప్యూటర్స్ ఫర్ యూత్ పేరుతో మొదలై, తరవాత పవర్ మై లెర్నింగ్‌గా పేరు మార్చుకున్న సంస్థ సంగతి చూడండి. తొలి రోజుల్లో వాళ్లు బాగుచేసిన పాత కంప్యూటర్లనే పేద కుటుంబాలకు ఇచ్చేవారు. అయితే ఊరికే చేతిలో పెట్టి పంపకుండా, తల్లిదండ్రులనూ పిల్లలనూ శిక్షణకు పిలిచి, కలిసి నేర్చుకోవడం చూపించి ఇంటికి పంపేవారు. పాత ల్యాప్‌టాప్ పంపితే ఊళ్లో బ్యాటరీ మార్చేవారు, నేర్పేవారు ఉన్నారా అని ముందు విచారించండి. లేకపోతే డబ్బే మేలు.

డబ్బు పంపే ముందు ఒక నియమం తెలుసుకోండి. మీలో అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు ఇచ్చేది ఓసీఐ కార్డు (భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా విదేశీ విరాళమే అవుతుంది, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి ఉన్న సంస్థే దాన్ని తీసుకోగలదు. 2020 సవరణ తరవాత అది ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ఆ సంస్థకున్న ప్రత్యేక ఖాతాలోకే రావాలి. భారత పౌరులుగానే ఉన్నవారు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఆ అడ్డంకి లేదు. పూర్వ విద్యార్థుల సంఘం ఖాతాలో అందరి డబ్బూ కలిపి వేయడం చాలామంది చేసే పొరపాటు. మీ బృందంలో ఎవరు ఏ దేశ పౌరులో ముందు జాబితా రాసుకుని, ఆ రెండు వరసల డబ్బునూ విడివిడిగా పంపండి.